అరికాళ్ల మంట

మన సికింద్రాబాదు ఇండ్లలో మధుమేహముగల పెద్దలు కొందరు రాత్రివేళ అరికాళ్లు నిప్పులమీద నుంచినట్లు మండుచున్నవనుట విద్యార్థులు వినియే యుందురు. విద్యుత్తుతో నరములను పరీక్షింపగా ఒక్కొక్కప్పుడు లోపమేమియు కానరాదు. అంతట ఇంటివారు అది వట్టి భ్రమయని త్రోసివేయుదురు. ఇది అన్యాయమని మా యభిప్రాయము. ఆ పరీక్ష లావైన నరపుపోగులనే కొలుచును. వేడిని, చల్లదనమును, నొప్పిని తెలుపు సన్నని పోగులు దానికి చిక్కవు. కాలి చర్మమునుండి చిన్న ముక్కను తీసి, సూక్ష్మదర్శినితో చూచి, వానిని లెక్కింపవలెను.

మందులకు లొంగని మంటకు మరియొక యుపాయము కలదు. వెన్నుపాములో నొప్పికి ద్వారమువంటిది కలదనియు, స్పర్శను తెచ్చు లావుపోగులు దానిని మూయగలవనియు 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. దెబ్బ తగిలినచోట మనము రుద్దుకొనుట యిందువలననే కాబోలు! ఆ లావుపోగులను విద్యుత్తుచే కదలించుటకై 1967లో అమెరికాలో షీలీ అను వైద్యుడు రోగి వెన్నుపాముచెంత తీగెనమర్చెను. నేడు సన్నని తీగెలను వెన్నులోనికి జొనిపి, కొన్నిదినములు పరీక్షించి, ఉపశమనము పొందినవారికే బ్యాటరీని చర్మముక్రింద నుంచుదురు. మధుమేహపు నరముల నొప్పికి ఇట్టి యంత్రమును అమెరికా ప్రభుత్వము 2021లో అంగీకరించినది. చెడిన పోగులను ఇది మరల మొలిపించునని యెంచరాదు, వ్యయమును మిక్కుటము. యంత్రమున్నను చక్కెరను అదుపులో నుంచుకొనక తప్పదు.