సూరత్ చీర బొమ్మకు హక్కుదారు ఎవరు?

యంత్రం గీసిన డిజైన్లపై చట్టాల తడబాటు

జోల్వా (సూరత్ జిల్లా): గుజరాత్‌లో పల్సాణా తాలూకాకు చెందిన జోల్వా గ్రామం పేరు తెలుగు పాఠకులలో చాలామందికి తెలియకపోవచ్చు. ఆ పరిసరాలలోని నేత, అద్దకం, ముద్రణ కర్మాగారాల నుంచి వచ్చే గుడ్డను మాత్రం ఎరగని వారుండరు. సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్లలో లారీలకెక్కే సింథటిక్ చీరలు తెలుగునాట చిన్న పట్టణాల దుకాణాల దాకా చేరుతున్నాయి. ఆ జిల్లాలోని మరమగ్గాల మీద పనికి తెలంగాణ నుంచి తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడే స్థిరపడి తరాలు గడిచాయి.

ఈ వ్యాపారంలో గుడ్డ కన్న ముందుగా అమ్ముడుపోయేది బొమ్మ. అదే పాలియెస్టర్, అవే మగ్గాలు, అవే రంగులు. ఒక చీరను మరొక చీర నుంచి వేరు చేసేది అంచు, కొంగు, బుటాల అమరిక ఒక్కటే. ఒకప్పుడు డిజైనరు గ్రాఫు కాగితం మీద గడులు నింపితే, దానిని బట్టి జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టేవారు. తరువాత ఆ పని కంప్యూటరుకు మారినా గీసే చేయి మనిషిదిగానే మిగిలింది. ఇప్పుడు ఏఐగా వ్యవహరిస్తున్న కృత్రిమ మేధకు "ఎర్రని నేల మీద నెమళ్లు, ఇక్కత్ అంచు" అని నాలుగు మాటలు చెబితే నిమిషాలలో పదుల కొద్దీ నమూనాలు తెరపైకి వస్తున్నాయి. డిజిటల్ ముద్రణ యంత్రానికి రంగుకొక రోలరు చేయించనక్కరలేదు. ఫైలు అందితే చాలు, ముద్రణ మొదలవుతుంది.

ఇలా పుట్టిన బొమ్మ ఎవరి ఆస్తి అన్నది మొదటి ప్రశ్న. దానిని నేర్పడానికి యంత్రానికి ఎవరి పాత బొమ్మలను చూపించారన్నది రెండవది. న్యాయస్థానాలలోను, ఢిల్లీ ప్రభుత్వ కార్యాలయాలలోను సాగుతున్న చర్చ పత్రికల వార్తలు, పుస్తకాలు, పాటల చుట్టూ తిరుగుతున్నది. చీర బొమ్మ ఆ చర్చలోకి దాదాపు రానే లేదు. వచ్చినా దానిని గీసిన వారికి మిగిలేది స్వల్పమేనని చట్టాలను పరిశీలిస్తే స్పష్టమవుతున్నది.

మూడు దశాబ్దాల నాటి నిబంధన

కంప్యూటరు గీసిన చిత్రానికి రచయిత ఎవరన్న ప్రశ్నకు భారత చట్టంలో సమాధానం ఏనాడో ఉన్నది. 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 1994లో సవరించినప్పుడు, కంప్యూటరు ద్వారా రూపొందిన రచనకు "దాని రూపకల్పనకు కారకుడైన వ్యక్తి" రచయిత అవుతాడని చేర్చారు. 1995 మే నుంచి అది అమలులో ఉన్నది. అయితే ఆ కారకుడెవరు? మాటలు టైపు చేసిన ఉద్యోగా, పని పురమాయించిన మిల్లు యజమానా, సాఫ్ట్‌వేరు తయారు చేసిన విదేశీ కంపెనీయా? కంప్యూటరు అంటే లెక్కలు వేసే, అక్షరాలు కూర్చే యంత్రంగా ఎక్కువమందికి తెలిసిన రోజులలో రాసిన వాక్యం నుంచి దీనికి జవాబు రాబట్టడం కష్టమే.

కాపీరైట్ కార్యాలయం సైతం ఈ విషయంలో తడబడిన ఉదంతం ఉన్నది. ఒక న్యాయవాది తాను తీసిన ఫొటో ఆధారంగా ఏఐ రూపొందించిన చిత్రానికి, తనతో పాటు ఆ ఏఐని కూడా సహరచయితగా చూపుతూ 2020లో రిజిస్ట్రేషన్ పొందారు. మరుసటి ఏడాది అదే కార్యాలయం ఆ రిజిస్ట్రేషన్‌ను ఉపసంహరించే నోటీసు ఇచ్చింది. మేధో సంపత్తి చట్టాలను ఏఐ దృష్ట్యా పునఃపరిశీలించాలని పార్లమెంటరీ స్థాయీ సంఘం సిఫారసు చేసింది కూడా ఆ 2021లోనే.

విదేశాలలోనూ ఏకాభిప్రాయం లేదు. రచయిత మనిషే కావాలని అమెరికాలోని వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు 2025 మార్చిలో తీర్పు చెప్పింది. కేవలం ఆదేశాలు టైపు చేసినంత మాత్రాన రచయిత కాలేరని అంతకు రెండు నెలల ముందు ఆ దేశ కాపీరైట్ కార్యాలయం ఒక నివేదికలో పేర్కొన్నది. బీజింగ్ ఇంటర్నెట్ కోర్టు మాత్రం 2023 నవంబరులో ఇందుకు భిన్నమైన మార్గం తొక్కింది. ఆదేశాలను ఎంచుకుని, మార్చి మార్చి చూసి తుది చిత్రాన్ని రాబట్టిన వినియోగదారుకే హక్కు ఉన్నదని తేల్చింది.

యాభై దాటితే హక్కు పోతుంది

ఇది యంత్రం నుంచి బయటికి వచ్చేదానికి సంబంధించిన వివాదం. యంత్రం లోపలికి వెళ్లేదాని మీద మన దేశంలో ముఖ్యమైన వ్యాజ్యం ఏఎన్ఐ వార్తా సంస్థ ఓపెన్ఏఐ మీద 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టులో వేసినది. తమ వార్తలను అనుమతి లేకుండా యంత్ర శిక్షణకు వాడారన్నది ఫిర్యాదు. కేంద్ర వాణిజ్య శాఖలోని పరిశ్రమల ప్రోత్సాహక విభాగం నియమించిన కమిటీ 2025 డిసెంబరులో ఒక పత్రం వెలువరించింది. చట్టబద్ధంగా అందుబాటులో ఉన్న రచనలన్నిటినీ శిక్షణకు వాడుకునేందుకు ఏఐ కంపెనీలకు నిర్బంధ లైసెన్సు ఇవ్వాలని, వారి నుంచి రాయల్టీ వసూలు చేసి హక్కుదారులకు పంచాలని అందులో ప్రతిపాదించారు. సాఫ్ట్‌వేరు కంపెనీల సంఘం నాస్కామ్ దీనితో విభేదించింది.

హక్కుదారులకు రాయల్టీ అన్న మాట వినసొంపుగానే ఉన్నది. మరి సూరత్‌లో చీర బొమ్మ గీసిన వ్యక్తి హక్కుదారు అవుతాడా? కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్ల చట్టం కింద నమోదుకు యోగ్యమై ఉండి కూడా నమోదు కాని డిజైన్‌ను, యజమాని గాని అతని అనుమతితో మరొకరు గాని పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి వస్తువులపై వేస్తే అందులో కాపీరైట్ అంతరిస్తుంది. సూరత్ మిల్లుకు యాభై చీరలంటే ఎంత? ఒక పూట పని కూడా కాదు. సాయంత్రానికల్లా ఆ బొమ్మ మీద కాపీరైట్ లేనట్లే. హక్కు లేనప్పుడు రాయల్టీ ప్రశ్న ఉదయించదు.

న్యాయస్థానాలు ఈ సెక్షన్‌ను గుడ్డల విషయంలో గట్టిగానే అమలు చేశాయి. సోఫా గుడ్డల మీది బొమ్మలకు సంబంధించిన మైక్రోఫైబర్స్ కేసులో 2009లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం, పరిశ్రమలో వాడకానికే గీసినది డిజైనే తప్ప స్వతంత్ర కళాఖండం కాదని నిర్ణయించింది. దుస్తుల డిజైన్లను అనుకరించారంటూ బిబా సంస్థపై రితికా ప్రైవేట్ లిమిటెడ్ వేసిన దావా 2016లో అదే హైకోర్టులో ఈ కారణంగానే నిలవలేదు. గుజరాత్‌లో మొదలైన క్రయోగ్యాస్ కేసులో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కళాఖండానికి, డిజైన్‌కు మధ్య గీత ఎలా గీయాలో వివరించింది. అది గుడ్డల వివాదం కాకపోయినా, చెప్పిన సూత్రం గుడ్డలకూ వర్తిస్తుంది.

విచిత్రమేమంటే చీరను కట్టుకున్న మోడల్‌ను ఫొటో తీసి క్యాటలాగులో వేస్తే, ఆ ఫొటోకు దానిని తీసిన వ్యక్తి జీవితకాలం, ఆ తరువాత మరో 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. యంత్రానికి శిక్షణగా వెళ్లేది సాధారణంగా ఆ ఫొటోయే. అంటే రేపు రాయల్టీ వస్తే క్యాటలాగు యజమానికి రావచ్చు. ఫొటోలో ఉన్న చీర మీద బొమ్మ వేసిన వారికి రాదు. ఆ డిజైనరు మిల్లు ఉద్యోగి అయితే హక్కు మొదటినుంచే యజమానిది. ప్రతిఫలం తీసుకుని ఒకరి కోసం డిజైన్ గీసి ఇస్తే, డిజైన్ల చట్టం దృష్టిలో సొంతదారు ఆ డబ్బిచ్చినవారే.

నమోదు చేసుకున్నా అంతంతే

2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకుంటే 10 ఏళ్లు, పొడిగిస్తే 15 ఏళ్ల రక్షణ లభిస్తుంది. వ్యక్తులకు దరఖాస్తు రుసుము 1,000 రూపాయలు. అయితే బొమ్మను ఎవరికీ చూపకముందే దరఖాస్తు చేయాలి. దుకాణదారులకు నమూనా పంపి, ఆర్డరు వచ్చాక నమోదు చేద్దామనుకుంటే కొత్తదనం పోయినట్లే. ఒక మిల్లు ఏడాదికి వందల డిజైన్లు దించే చోట ఏది అమ్ముడవుతుందో ముందుగా ఎవరికి తెలుసు? అన్నిటికీ రుసుము కట్టడం చిన్న వ్యాపారికి తలకు మించిన భారం.

కష్టపడి నమోదు చేసినా, అనుకరించిన వారు చెల్లించవలసిన మొత్తం ఒక్కో ఉల్లంఘనకు 25,000 రూపాయలకు, ఒక డిజైన్ మీద మొత్తంగా 50,000 రూపాయలకు మించదు. కాకుంటే నష్టపరిహారానికి, నిషేధపు ఉత్తర్వుకు జిల్లా కోర్టులో దావా వేయాలి. దావా విచారణకు వచ్చేనాటికి ఆ చీర ఫ్యాషన్ దాటిపోతుంది. గుడ్డ బొమ్మ ఆయువు అల్పమన్నది కొత్త సంగతి కాదు. 1787లో బ్రిటిష్ పార్లమెంటు ముద్రిత గుడ్డల నమూనాలకు మొదటిసారి రక్షణ కల్పించినప్పుడు ఇచ్చిన గడువు రెండు నెలలే.

ఏఐ డిజైన్‌కు ఇక్కడ మరొక చిక్కున్నది. "రూపకర్త నుంచి ఉద్భవించినది" అయితేనే డిజైన్ మౌలికమని ఈ చట్టం చెబుతున్నది. కాపీరైట్ చట్టంలో ఉన్నట్లు కంప్యూటరు రూపకల్పనకు కారకుడి ప్రస్తావన ఇందులో లేదు. కాబట్టి ఏఐతో గీయించి నమోదు చేసుకున్న మిల్లు యజమాని, ఎవరైనా సవాలు చేస్తే తాను రూపకర్తనని నిరూపించుకోవలసిన స్థితి వస్తుంది. పొరుగు మిల్లు బొమ్మను ఎత్తుకునే యజమానికీ, తన బొమ్మ పోయిందని వాపోయే యజమానికీ ఒకే సందేహం వెంటాడుతుందన్నమాట.

పోచంపల్లికి పేరే రక్షణ

తెలుగువారికి నేరుగా తగిలే సంగతి ఇక్కత్‌ది. పోచంపల్లిలో చిటికి పద్ధతిలో నూలును ముందే ముడులు కట్టి రంగులద్ది, ఆ లెక్క తప్పకుండా నేస్తారు. ముడి కిందికి రంగు కాస్త పాకడం వల్ల బొమ్మ అంచులు ఈకల్లా చెదిరినట్లు కనిపిస్తాయి. ఆ చెదురును కూడా పాలియెస్టర్ మీద అచ్చు గుద్దడం ఏఐ రాకముందే ఉన్నది. ఇప్పుడు పాత చీరల ఫొటోలు చూసి నేర్చిన యంత్రం, ఏ ఒక్క చీరకూ నకలు కాని "కొత్త" ఇక్కత్‌ను ఎన్నిసార్లయినా గీసిపెట్టగలదు. నకలు కానప్పుడు దావా ఎవరి మీద, ఏ చీరను చూపి వేయాలి?

పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లో భౌగోళిక గుర్తింపు లభించింది. తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. అయితే ఆ చట్టం కాపాడేది పేరును. పోచంపల్లి అని చెప్పి వేరే గుడ్డ అమ్మితే నేరం. పేరెత్తకుండా ఆ గళ్లు, ఆ వజ్రాకారాలు వేసి అమ్మితే దానిని అడ్డుకోవడం కష్టం. బొమ్మ తరాల నాటిది కనుక అది ఏ ఒక్కరి కాపీరైటూ కాదు, కొత్తది కాదు కనుక డిజైన్‌గానూ నమోదు కాదు. ప్రతిపాదిత రాయల్టీలోనూ ఆ నేతగానికి వాటా దొరికే దారి కనిపించడం లేదు.

చేనేతకు ప్రత్యేకించిన రకాలను మరమగ్గాల మీద నేయరాదన్న 1985 చట్టాన్ని సుప్రీంకోర్టు 1993లో సమర్థించింది. మొదట 22గా ఉన్న ఆ రకాలను 1996లో 11కు తగ్గించారు. బొమ్మ ఎవరిదని ఆ చట్టం అడగదు, గుడ్డ ఏ మగ్గం మీద నేశారని మాత్రమే అడుగుతుంది. అందువల్ల ఏఐ వచ్చినా దాని అర్థం మారలేదు. కాని పాలియెస్టర్ మీద అచ్చు వేయడం నేత కాదు కాబట్టి డిజిటల్ ముద్రణ దాని పరిధిలోకి రాదు.

కొనుగోలుదారు స్వయంగా తేల్చుకోగల పరీక్ష ఒకటున్నది. అసలు ఇక్కత్‌లో నూలుకే రంగు ఎక్కి ఉంటుంది కనుక బొమ్మ రెండు వైపులా ఒకే రీతిలో కనిపిస్తుంది. అచ్చు గుడ్డను తిరగేస్తే వెనుక రంగు సాధారణంగా వెలిసినట్లు ఉంటుంది.