పాత ట్రయాథ్లాన్ సైకిలా? కొలత చూశాకే బేరం!

ఒలింపిక్ ట్రయాథ్లాన్‌లో 1.5 కి.మీ. ఈత, 40 కి.మీ. సైక్లింగ్, 10 కి.మీ. పరుగు ఉంటాయి. సైక్లింగ్ ఒక్కటే బందరు-గుడివాడ దూరం కంటే కాస్త ఎక్కువ. ట్రయాథ్లాన్ సైకిల్ మీద చాలాసేపు మోచేతులు ఆనించి ముందుకు వంగే తొక్కుతారు. ఉద్యోగం రాకముందు పెట్టే డబ్బు కదా, ఫ్రేమ్ సైజు తప్పితే వృథానే.

సైజు అంకె కంపెనీకో తీరు. అందుకే ఆ మోడల్‌కి ఫ్రేమ్ ఎత్తు చెప్పే ‘స్టాక్’, ముందుకు చాపు చెప్పే ‘రీచ్’ కొలతలు ఆన్‌లైన్‌లో చూడండి. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, తొడల మధ్య పుస్తకం బిగించి, దాని పైఅంచు నేల నుంచి ఎంత ఎత్తుందో కొలవండి. దాన్ని 0.883తో గుణిస్తే క్రాంక్ ఇరుసు నుంచి సీటు ఎత్తు సుమారుగా తెలుస్తుంది. 80 సెం.మీ. ఉంటే 70.6 అన్నమాట.

ఫ్రేమ్ పెద్దదైతే సీటు దించినా రీచ్ తగ్గదు. బందరు, దివిసీమ ఉప్పుగాలికి సీటు రాడ్డు ఫ్రేమ్‌లో పట్టేసి ఉండొచ్చు, కదిపి చూడండి. 20 నిమిషాలు తొక్కాక మెడ, భుజాలు లాగుతున్నాయా? ఎంత చవకైనా వదిలేయండి.