పేరు నిలిచే దారి

మనిషి సంపాదించుకొనే ఆస్తులలో కంటికి కనిపించనిది, దొంగలు ఎత్తుకొనిపోలేనిది ఒకటి ఉన్నది. అది మంచి పేరు. పొలం, ఇల్లు, ధనం తల్లిదండ్రుల నుండి సంక్రమించవచ్చును. పేరును మాత్రం ఎవరికి వారు సంపాదించుకోవలసిందే. దానిని సంపాదించడానికి ఏళ్లు పడుతుంది. పోగొట్టుకోవడానికి ఒక్క పూట చాలును.

ఈ విషయం అనంతపురం ప్రాంతపు విద్యార్థికి మరింత దగ్గరిది. పడమటి కనుమలు నైరుతి ఋతుపవనాలను అడ్డుకొంటాయి. తూర్పు తీరం దూరంగా ఉండడం వల్ల ఈశాన్య ఋతుపవనాల బలం ఇక్కడికి చేరేసరికి తగ్గిపోతుంది. అందుచేత ఈ పీఠభూమిలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే. వాననే నమ్ముకొని వేరుశనగ వేసిన రైతు ఒక ఏడు పండిస్తే మరొక ఏడు అప్పు మిగుల్చుకొంటాడు. అటువంటి ఇంటి నుండి ఒక విద్యార్థిని డిగ్రీ కళాశాలకు వచ్చి, వ్యాపార ప్రకటనల కళను అభ్యసిస్తున్నదనుకొందాము. చదువు ముగిసిన తరువాత బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం వెతుక్కోవాలి. అక్కడ ఆమెను ఎరిగినవారు లేరు; సిఫారసు చేసే బంధువులు లేరు; పెట్టుబడి పెట్టడానికి ధనమూ లేదు. ఆమె వద్ద ఉన్న మూలధనం తన పేరు మాత్రమే. ఆ పేరును నిర్మించుకోవడం ఎట్లా? ఈ ప్రశ్ననే నేటి వాణిజ్య పరిభాషలో ‘పర్సనల్ బ్రాండ్’ అనే మాటతో చర్చిస్తున్నారు.

బ్రాండ్ అనే ఆంగ్లపదానికి మూలార్థం కాల్చుట. పాశ్చాత్య దేశాలలో మందలోని పశువులను గుర్తుపట్టడానికి యజమానులు కాల్చిన ఇనుముతో ముద్ర వేసేవారు. ఆ ముద్రకు ఆ పేరు వచ్చినది. కాలక్రమేణా ఆ మాట పశువుల నుండి సరకులకు వ్యాపించినది. సబ్బు, టీపొడి, తలనొప్పి మందు, ఇట్లా ప్రతి వస్తువుకూ ఒక పేరు, ఒక గుర్తు ఏర్పడినవి. 1997లో టామ్ పీటర్స్ అనే అమెరికన్ రచయిత, వస్తువుకు ఉన్నట్లే ప్రతి ఉద్యోగికీ ఒక బ్రాండ్ ఉంటుందని ఒక పత్రికా వ్యాసంలో ప్రతిపాదించాడు. నాటి నుండి ఈ భావన లోకమంతటా ప్రచారం పొందినది.

అయితే పేరు వేరు, గుర్తు వేరు, ప్రతిష్ఠ వేరు. పేరు ఇతరులు పిలవడానికి, గుర్తు ఇతరులు పోల్చుకోవడానికి ఉపకరిస్తాయి. ఆ పేరు వినగానే ఇతరుల మనస్సులో కలిగే భావమే ప్రతిష్ఠ. అందమైన అక్షరాలతో పేరు అచ్చువేయించుకోవడం ఒక రోజు పని. ఆ పేరు వినగానే ‘ఈ మనిషి మాట ఇస్తే పని పూర్తి చేస్తుంది’ అని నలుగురూ అనుకొనేటట్లు చేయడం ఏళ్ల తరబడి సాగవలసిన పని. ఒక విధంగా ప్రతి పేరూ ఒక వాగ్దానమే. ఆ వాగ్దానాన్ని నలుగురికీ చేరవేయడం ప్రకటన పని. నెరవేర్చడం మనిషి పని.

పేరుకు గల బలాన్ని తెలుసుకోవడానికి అనంతపురం విద్యార్థి దూరదేశాలకు పోనవసరం లేదు. 1800లో నిజాం నవాబు ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఆ కారణంగా దీనికి ‘దత్తమండలం’ అనే పేరు వచ్చినది. దత్తమనగా ఇచ్చివేయబడినది. ఒకరు ఇచ్చివేయగా మరొకరు పుచ్చుకొన్న నేల అనే అర్థాన్ని ఆ పేరు వంద సంవత్సరాలకు పైగా మోస్తూ వచ్చినది. 1916లో అనంతపురంలో వెలసిన ప్రభుత్వ కళాశాలకు సైతం దత్తమండల కళాశాల అనే పేరే ఉండేది. ఆ కళాశాలలో తెలుగు బోధించిన భాషాశాస్త్రవేత్త చిలుకూరి నారాయణరావు. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలలో ఆయన ఈ ప్రాంతానికి ‘రాయలసీమ’ అనే పేరును ప్రతిపాదించారు. సభ దానిని ఆమోదించినది. దత్తమండలం అనే పేరు ప్రజలు ఎన్నుకొన్నది కాదు. వారి ఓటమిని గుర్తుచేసేది. రాయలసీమ అనే పేరు వారు తమకు తాముగా స్వీకరించినది. విజయనగర రాయల పాలనను, ఆనాటి చెరువులను, సాహిత్యాన్ని తలపునకు తెచ్చేది.

ఇందులో విద్యార్థి నేర్చుకోదగిన పాఠాలు రెండు ఉన్నవి. ఇతరులు అంటించిన పేరును మోయనవసరం లేదనేది మొదటిది. ‘కరవు ప్రాంతపు పిల్ల’, ‘పల్లెటూరి చదువు’ వంటి మాటలు ఇతరులు వేసిన ముద్రలు. తనలో నిజంగా ఉన్న బలమేదో గుర్తించి, దానిని తన పేరుతో జతపరచుకోవడం ఆమె చేయవలసిన పని. రెండవ పాఠం కొంచెం కఠినమైనది. పేరు మారినంత మాత్రాన వానలు కురవలేదు, కరవు తొలగలేదు. పేరు ఆత్మగౌరవాన్ని ఇచ్చినది; నీటి కోసం మాత్రం ప్రజలు వేరుగా శ్రమించవలసి వచ్చినది. పేరు తలుపు తెరుస్తుంది. లోపలికి నడవవలసింది మనిషే.

తెలుగువారిలో ప్రకటనల ద్వారా పేరును నిర్మించి, ఆ పేరును సార్థకం చేసినవారిలో కాశీనాథుని నాగేశ్వరరావు ప్రముఖులు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో జన్మించిన ఆయన, 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. కొత్త మందును జనం ఊరకనే నమ్మరు. అందుచేత ఆయన సంగీత సభలకు వచ్చినవారికి దానిని ఉచితంగా పంచిపెట్టారు. వాడి చూసినవారే మరునాటి నుండి దానికి ప్రచారకులైనారు. చెప్పడానికి ముందు చూపించడం అనే ప్రకటనా సూత్రం ఇందులో ఉన్నది. నేటి విద్యార్థి తన ప్రతిభను గురించి పది వాక్యాలు వ్రాసుకోవడం కంటె, తాను చేసిన ఒక్క మంచి పనిని చూపించడం మేలు.

నాగేశ్వరరావు తాను ఆర్జించిన ధనాన్ని, పేరును తన కొరకే దాచుకోలేదు. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసు నుండి దినపత్రికగా వెలువరించారు. 1924లో భారతి మాసపత్రికను స్థాపించారు. ప్రజలు ఆయనను దేశోద్ధారకుడని, విశ్వదాత అని పిలుచుకొన్నారు. ఈ బిరుదులు ఆయన ప్రకటించుకొన్నవి కావు, ప్రజలు ఇచ్చినవి. 1937 నవంబరు 16న కోస్తా నాయకులూ రాయలసీమ నాయకులూ మద్రాసులోని ఆయన నివాసమైన శ్రీబాగ్‌లో సమావేశమై ఒక ఒడంబడికకు వచ్చారు. అదే శ్రీబాగ్ ఒడంబడిక. అనంతపురం జిల్లాకు చెందిన కల్లూరు సుబ్బారావు దానిపై సంతకం చేసినవారిలో ఒకరు. నీటి పారుదల విషయంలో రాయలసీమకు ప్రాధాన్యం ఇవ్వాలని, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం ఏర్పరచాలని అందులో వ్రాసుకొన్నారు. పరస్పరం అనుమానాలు గల రెండు పక్షాలవారు ఆ ఇంటి గడప తొక్కి కూర్చొని మాట్లాడుకొన్నారు. మందు సీసాతో మొదలైన పేరు ఎంతటి నమ్మకంగా పెరిగిందో దీనివల్ల తెలుస్తుంది.

ప్రకటనల ఊసే లేకుండా పనివల్లనే పేరు గడించినవారు అనంతపురం సీమలోనే ఉన్నారు. ధర్మవరానికి సమీపంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల గ్రామం. ఈ గ్రామం 2022లో జరిగిన జిల్లాల విభజనతో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. మేకతోలును శుభ్రపరచి, పలుచన చేసి, బొమ్మగా కత్తిరించి, సన్నని రంధ్రాలు తొలిచి, రంగులు దిద్దుతారు. తెల్లని తెర వెనుక దీపం వెలిగించి రామాయణ, భారత కథలను ఆడిస్తారు. సినిమా, టెలివిజన్ వచ్చిన తరువాత ఆటకు ఆదరణ తగ్గినది. అప్పుడు అక్కడి కళాకారులు అదే తోలుతో, అదే చేతిపనితో దీపాలకు కప్పులను, గోడకు తగిలించే బొమ్మలను తయారుచేయసాగారు. వస్తువు మారినది, నైపుణ్యం మారలేదు. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారం ప్రకటించినది. ఒక్క కళను జీవితమంతా పట్టుకొన్నందుకు దక్కిన పేరది. నెలకొక వేషం మార్చుకొనేవారి పేరు ఎవరి మనస్సులోనూ నిలవదు.

పేరు ఒక్కొక్కప్పుడు ఊరందరి ఉమ్మడి ఆస్తి కూడా అవుతుంది. ధర్మవరం చేనేత పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు లభించినది. 1999లో చేసిన చట్టం ప్రకారం, ఒక ప్రాంతపు ప్రత్యేకత గల వస్తువు పేరును ఇతరులు వాడుకొనకుండా ఈ గుర్తింపు కాపాడుతుంది. మరమగ్గం మీద నేసిన చీరను చేనేత అని అమ్మితే మోసపోయేది కొన్నవారు మాత్రమే కాదు. మగ్గం మీద రోజులకొలది కూర్చొన్న ప్రతి నేతగాని పేరూ దెబ్బతింటుంది. అదే విధంగా, మొదటి తరం విద్యార్థిని ఒక సంస్థలో చూపించే నడవడి, ఆమె తరువాత అదే కళాశాల నుండి వచ్చేవారికి తలుపు తెరవనూ వచ్చును, మూయనూ వచ్చును.

ఈ ఉదాహరణల వెలుగులో ఆ విద్యార్థిని చేయదగిన పనులు స్పష్టమవుతాయి. మొదట తన బలాన్ని ఎంచుకోవాలి. నగరంలో పెరిగినవారికి తెలియని విషయం ఒకటి ఆమెకు తెలుసు. ఇక్కడి రైతు వేరుశనగను ‘చెనక్కాయ’ అంటాడు. వానకోసం ఆకాశాన్ని ఏ రోజులలో చూస్తాడో, అంగడిలో దేనిని నమ్మి కొంటాడో ఆమెకు అనుభవమే. పల్లె ప్రజలకు అర్థమయ్యే భాషలో ప్రకటన వ్రాయగలగడం అరుదైన విద్య. ఊరిలోని మహిళా పొదుపు సంఘం చేసే వేరుశనగ చిక్కీకి ఒక పొట్లం, దానిపై ఒక వాక్యం, సంతలో పెట్టే ఒక బోర్డు తయారుచేయవచ్చును. అంతకు ముందు ఎన్ని పొట్లాలు అమ్ముడుపోయినవి, తరువాత ఎన్ని అన్నది వ్రాసిపెట్టుకోవాలి. పని ఫలించకపోతే ఎందుకు ఫలించలేదో కూడా వ్రాయాలి. ఇటువంటి పనులన్నింటినీ ఒకచోట కూర్చినదే పోర్ట్‌ఫోలియో. అందులో ఇతరులు చేసిన భాగాన్ని తనదిగా చెప్పుకొనరాదు.

ఇక జాగ్రత్త వహించవలసిన విషయం ఒకటి ఉన్నది. సామాజిక మాధ్యమాలలో కొంత పేరు రాగానే ఆ పేరును అద్దెకు అడిగేవారు వస్తారు. ఒక కంపెనీ ఆమె వద్దకు వచ్చి, తమ వేరుశనగ విత్తనం వర్షాభావాన్ని తట్టుకొంటుందని చెప్పమని, అందుకు డబ్బు ఇస్తామని అన్నదనుకొందాము. ఆమె ఆ విత్తనాన్ని చూడలేదు. దాని పంట చూడలేదు. నగరంలో ఒక సబ్బు గురించి అతిశయోక్తి చెప్పితే పోయేది కొన్ని రూపాయలే. ఈ నేల మీద విత్తనం గురించి అబద్ధం చెప్పితే పోయేది ఒక కుటుంబపు సంవత్సరం. నమ్మి కొన్నవాడు ఆమె పక్కింటి రైతే కావచ్చును, ఆమె తండ్రే కావచ్చును.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. ప్రకటనలలో నిజాయితీ కొరకు 1985లోనే భారత ప్రకటనల ప్రమాణాల మండలి ఏర్పడినది. డబ్బు లేక కానుక పుచ్చుకొని చేసే ప్రచారంపై అది ప్రకటన అని స్పష్టంగా తెలపాలని 2021లో ఆ మండలి నియమాలు రూపొందించినది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తప్పుదోవ పట్టించే ప్రకటనకు తయారీదారుతోపాటు దానిని సమర్థించిన వ్యక్తికి కూడా 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. తప్పు మరల జరిగితే అది 50 లక్షల వరకు పెరుగుతుంది. అయితే చెప్పేదానిలోని నిజానిజాలను తగినట్లు విచారించిన తరువాతనే సమర్థించినవారికి చట్టం ఈ జరిమానా నుండి మినహాయింపు ఇచ్చినది. తెలిసినదే చెప్పు, తెలుసుకొనిన తరువాతనే చెప్పు అని పెద్దలు చెప్పే నీతినే చట్టం తన భాషలో చెప్పినది.

మనిషి వస్తువు కాదన్న సంగతిని కూడా మరువరాదు. వస్తువుకు అలసట లేదు, దుఃఖం లేదు, ఇల్లు లేదు. మనిషికి అవన్నీ ఉన్నవి. ఎంతమంది మెచ్చుకొన్నారని గంటగంటకూ లెక్కపెట్టుకొనేవారికి చదువు సాగదు, నిద్ర పట్టదు. ఇంటి కష్టాలను, స్నేహితుల రహస్యాలను అంగడిలో పెట్టి సంపాదించే పేరు పేరు కాదు. లోకానికి చూపవలసినది తన పనిని, జీవితమంతటినీ కాదు.

కరవు నేలలో చెరువు ఒక్క వానకు నిండదు. ముందుగా కట్ట వేయాలి, పూడిక తీయాలి, వాగు దారి సరిచేయాలి. అప్పుడు వచ్చిన ప్రతి వానా కొంత నీటిని నిలుపుతుంది. కట్టకు చిన్న గండి పడితే నిండిన చెరువు ఒక్క రాత్రిలో ఖాళీ అవుతుంది. మనిషి పేరు కూడా అటువంటిదే. చేసిన ప్రతి మంచి పనీ దానిలో చేరే నీరు. ఆడిన మాట తప్పకపోవడం దాని కట్ట. ఈ కట్టను కాపాడుకొన్న విద్యార్థి ఏ నగరానికి వెళ్లినా, తన పేరును తాను చాటుకోవలసిన అవసరం క్రమంగా తగ్గిపోతుంది. ఆ పేరును ఇతరులే చెప్తారు.

అభ్యాసం

1. ‘ప్రతి పేరూ ఒక వాగ్దానమే’ అన్న వాక్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. దత్తమండలం రాయలసీమగా మారిన విధాన్ని, దానినుండి గ్రహించవలసిన పాఠాలను తెలపండి.
3. కాశీనాథుని నాగేశ్వరరావు తన మందుకు ప్రచారం కల్పించిన తీరును, ఆర్జించిన పేరును వినియోగించిన తీరును వ్రాయండి.
4. విత్తనాల ప్రకటన ఉదాహరణ ద్వారా ప్రకటనకర్త బాధ్యతను చర్చించండి.
5. మీ ఊరిలో తయారయ్యే ఒక వస్తువుకు, అతిశయోక్తి లేకుండా, ఐదు వాక్యాలలో ప్రకటన వ్రాయండి.