భుజం మీది పట్టీ: భారత సైన్యంలో హోదా చిహ్నాలు – తెలుగు అనువాదం

‘సుబేదారు’ అనగానే చరిత్ర చదివిన తెలుగు పాఠకునికి మొఘలుల కాలంలో ఒక సుబాను ఏలిన పాలకుడు స్ఫురిస్తాడు. ఆసఫ్‌జాహీ వంశ మూలపురుషుడు నిజాం-ఉల్-ముల్క్ దక్కను సుబేదారే. ‘నాయక’ శబ్దం తంజావూరు, మధుర రాజులను గుర్తుకు తెస్తుంది. నేటి భారత సైన్యంలో నాయక్ అంటే చేతిపై రెండు పట్టీలున్న సైనికుడు. సుబేదారు లెఫ్టినెంటు కంటే కిందివాడు. పదం పాత వైభవాన్ని మోస్తుంటే, యూనిఫాం మీది గుర్తు వర్తమాన స్థాయిని చెబుతుంది. సైనిక కథలను అనువదించేవారు ఈ రెండింటినీ కలిపి చదవవలసి ఉంటుంది.

సిపాయికి హోదా చిహ్నం లేదు. లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్లకు వరుసగా ఒకటి, రెండు, మూడు ‘వి’ ఆకారపు పట్టీలు మోచేతికి పైభాగాన చొక్కా చేతిపై ఉంటాయి. ఆ పైమెట్టు నుంచి చిహ్నం చేతిని విడిచి భుజానికి చేరుతుంది.

చిక్కంతా భుజం మీదనే ఉంది. నాయబ్ సుబేదారుకు ఒక నక్షత్రం, సుబేదారుకు రెండు, సుబేదార్ మేజరుకు నాలుగు సింహాల జాతీయ చిహ్నం. లెఫ్టినెంటుకూ రెండు నక్షత్రాలే, మేజరుకూ సింహాల చిహ్నమే! భేదమల్లా జూనియర్ కమిషన్డ్ అధికారులైన మొదటి ముగ్గురికీ అదనంగా ఉండే సన్నని చారల పట్టీ. మన పోలీసుల్లోనూ ఇన్‌స్పెక్టరుకు, డీఎస్పీకి మూడేసి నక్షత్రాలే. ఎరుపు, నీలం రంగుల పట్టీ ఇన్‌స్పెక్టరుకే ఉంటుంది.

సైన్యంలోని ఆ పట్టీ వెనుక వలసపాలన ఉంది. వైస్రాయి కమిషన్ పొందిన భారతీయుడు ఎంత అనుభవజ్ఞుడైనా, రాజు కమిషన్‌తో కొత్తగా వచ్చిన ఆంగ్ల యువకునికి లోబడవలసిందే. 1950లో గణతంత్రం ఏర్పడ్డాక అధికారుల భుజాలపై కిరీటం స్థానంలో సింహాలు వచ్చాయి. 1965లో జమేదారు నాయబ్ సుబేదారయ్యాడు. శ్రేణి విభజన మాత్రం మిగిలింది.

పైస్థాయి లెక్క సులువు. కెప్టెనుకు మూడు నక్షత్రాలు. సింహాల చిహ్నానికి ఒక నక్షత్రం చేరితే లెఫ్టినెంట్ కల్నల్, రెండైతే కల్నల్, మూడైతే బ్రిగేడియర్. జనరల్ స్థాయుల్లో ఖడ్గం, దండం అడ్డంగా పెనవేసుకొని కనిపిస్తాయి. 2023 ఆగస్టు 1 నుంచి బ్రిగేడియర్, ఆ పై అధికారులందరికీ రెజిమెంటు భేదం లేకుండా ఒకే తరహా యూనిఫాం అమలులోకి వచ్చింది.

అనువాదకుడు ‘సుబేదార్ మేజర్’ను కుదించి ‘మేజర్’ అంటే, ఆ పట్టీని చెరిపివేసినట్టే. సంబోధనలో ప్రమాదం ఇంకా సూక్ష్మం. పాతికేళ్ల సర్వీసున్న సుబేదారు యువ లెఫ్టినెంటుకు సెల్యూట్ చేస్తాడు. ఆ లెఫ్టినెంటు తిరిగి ఆయనను ‘సాబ్’ అని పిలుస్తాడు. ఇది వయసుకూ అనుభవానికీ ఇచ్చే మర్యాద. దీన్ని ‘అయ్యగారూ’ అని తెలిగిస్తే పైవాడే కిందివాడుగా వినిపిస్తాడు. ఇక్కడ ‘సాబ్’ను యథాతథంగా ఉంచి, ఇద్దరి భుజాలనూ ఒక వాక్యంలో వర్ణించడమే మేలని నా అభిప్రాయం.