కణంలోని కావలివాడు



స్త్రీల వార్డులో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరమ్మా, నేనేం పాపం చేశానని నాకీ జబ్బు వచ్చింది?" గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తెలిసిన తల్లులు చాలామంది ఇలాగే కన్నీళ్లు పెట్టుకుంటారు. కొందరినైతే ఇంట్లోవాళ్లే ఆ మాట అంటారు. కణాల్లో అసలేం జరుగుతుందో తెలిస్తే ఈ మాట రాదని మా నమ్మకం. కాస్త ఓపికగా చదవండి.

మన ఒంట్లో కణాలకు పుట్టడమే కాదు, సమయానికి చావడం కూడా తెలుసు. తల్లి కడుపులో బిడ్డ వేళ్లు మొదట అతుక్కునే ఉంటాయి. నడుమనున్న కణాలు చనిపోతేనే అవి విడివడతాయి. అలాగే డిఎన్ఎ దెబ్బతిన్న కణం కూడా ఆగాలి, బాగుపడాలి, లేదా చావాలి. దీన్ని చూసుకునేది పి53 అనే ప్రొటీన్. 1979లో దీన్ని కనుగొన్నారు. ఇది కొన్ని జన్యువులను మేల్కొలుపుతుంది. పి21 జన్యువును లేపితే కణం విభజన ఆగుతుంది, మరమ్మతుకు సమయం దొరుకుతుంది. మరమ్మతు కుదరకపోతే బాక్స్, ప్యూమా అనే జన్యువులను లేపి ఆ కణాన్ని చావనిస్తుంది. అందుకే 1992లో డేవిడ్ లేన్ అనే శాస్త్రవేత్త దీన్ని జన్యువులకు కావలివాడు అన్నారు.

మనుషులకు వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ కావలివాడి జన్యువే చెడిపోయి ఉంటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో మాత్రం సాధారణంగా జన్యువు బాగానే ఉంటుంది. హెచ్.పి.వి. అనే వైరస్ లోపల చేరి ఈ6 అనే ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. అది పి53ని పట్టి ముక్కలు చేయిస్తుంది. కణం కావలివాణ్ణి తయారుచేస్తూనే ఉంటుంది, వైరస్ చంపిస్తూనే ఉంటుంది. ఇక చావవలసిన కణం చావదు.

ఈ వైరస్ కలయిక ద్వారా వస్తుంది. దాపరికమెందుకు, పెళ్లయినవారిలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. చాలామందిలో ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా నిలిచిన కొద్దిమందిలోనే, సాధారణంగా 15, 20 ఏళ్లకు, క్యాన్సర్ అవుతుంది. ఇందులో ఆ తల్లి చేసిన పాపమేమిటో అనేవాళ్లే చెప్పాలి!

మన వాళ్లు "కరెంటు పెట్టడం" అనే రేడియేషన్ గురించి కూడా చెప్పాలి. అది కణాల డిఎన్ఎను తెంచుతుంది. కావలివాడు లేని క్యాన్సర్ కణం ఆగడం తెలియక, తెగిన డిఎన్ఎతోనే విభజనకు పోయి అక్కడే చస్తుంది. పక్కనున్న మంచి కణాలు ఆగి, మర్నాటికి చాలావరకు బాగుచేసుకుంటాయి. అందుకే ఒక్కసారిగా ఇవ్వకుండా, వారానికి 5 రోజుల చొప్పున సుమారు 25 సార్లు ఇచ్చి, తర్వాత లోపలి నుంచి ఇస్తారు. మొత్తం 8 వారాల్లో ముగియాలి. నడుమ నాట్లనీ, మనవరాలి పెళ్లనీ పది రోజులు ఆగితే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి. రక్తం ఆగింది కదా అని మానేసి, నాలుగు నెలలకు నొప్పితో తిరిగి వచ్చినవారిని చూసి మేము చాలా బాధపడ్డాము.

ఈ జబ్బును ముందే పట్టుకోవచ్చు. వెనిగర్ లాంటి పలుచని ఆమ్లం దూదితో అద్ది ఒక నిమిషం చూస్తే, తేడా ఉన్నచోట తెల్లమచ్చ కనబడుతుంది. ముంబయి బస్తీల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి ఈ పరీక్ష చేయగా, ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 2013లో తెలిపారు. 30 ఏళ్లు దాటిన అక్కలందరూ చేయించుకోవాలి. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు వైరస్ సోకకముందే వేసే టీకా ఉంది. పుణెలో తయారైన మన దేశపు టీకాకు 2022లో అనుమతి వచ్చింది.

ముట్లు నిలిచాక రక్తం కనబడినా, కలయిక తర్వాత రక్తం వచ్చినా, తెల్లబట్ట దుర్వాసనతో అవుతున్నా ఆ వారంలోనే రండి. పరీక్ష తెర వెనుక జరుగుతుంది, మా సిస్టర్లలో ఒకరు పక్కనే ఉంటారు.