కాటి సీను పద్యం ఎవరిది?

హరిశ్చంద్ర నాటకం మీలో చాలామంది చూసే ఉంటారు. తిరునాళ్ళలోనో, శ్రీరామనవమి పందిట్లోనో తెల్లవార్లూ ఆడతారు. అందులో కాటి సీను వస్తుంది. రాజైన హరిశ్చంద్రుడు కాటికాపరిగా నిలబడతాడు. హార్మోనియం మోగుతుంది. ఆయన రాగం తీసి పద్యం పాడతాడు. జనం "వన్స్ మోర్" అని కేకలేస్తారు. మళ్ళీ పాడతాడు.

నాటకం రాసినవారు బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు. కాని కాటి సీనులో బాగా పేరుపొందిన కొన్ని పద్యాలు ఆయనవి కావు. అవి గుర్రం జాషువా గారివి. శ్మశానం గురించి ఆయన విడిగా రాశారు. నటులు వాటిని నాటకంలో కలుపుకున్నారు.

జాషువా గారు 1895లో వినుకొండ ప్రాంతంలో పుట్టారు. కులం పేరుతో ఎన్నో అవమానాలు పడ్డారు. కలం పట్టి ఎదిరించారు. శ్మశానంలో గొప్పవాడూ పేదవాడూ ఒకటే, అక్కడ అంటరానితనానికి చోటు లేదు అని ఆ పద్యాల్లో చెప్పారు. అంటరానితనం పాటించే ఊళ్ళలో కూడా జనం ఆ పద్యాలకు చప్పట్లు కొట్టారు.

పుస్తకం చదువుకున్నవారికే అందుతుంది. నాటకం పద్యాన్ని చదువు రానివారికీ అందించింది. తరువాత గ్రామఫోను రికార్డులు, సినిమాలు కూడా ఆ పని చేశాయి. అందుకే అక్షరం రాని మన అమ్మమ్మలకు కూడా పద్యాలు నోటికి వచ్చేవి.

అయితే పాడేటప్పుడు కవి పేరు వినిపించదు. పుస్తకం మీద ఉంటుంది. ఇప్పుడు మీకు చదవడం వచ్చింది కదా! గ్రంథాలయంలో జాషువా గారి పుస్తకం అడగండి. చెవితో విన్న పద్యాన్ని కంటితో చదవండి. కష్టమైన మాటలు వస్తే నలుగురూ కూర్చుని అర్థం తెలుసుకోండి. పద్యం ఎవరిదో మీ పిల్లలకు చెప్పండి.