ఆన్సర్ ఫోన్‌ది, మరి ఆలోచన ఎవరిది?

ఈ ఎపిసోడ్‌ని ఒక పురుగుమందుల షాపు దగ్గర మొదలుపెడదాం. నరసరావుపేట కావచ్చు, గురజాల కావచ్చు, మాచర్ల కావచ్చు. మిర్చి సీజన్‌లో పొద్దున్నే ఏ షాపు ముందైనా కాసేపు నిలబడండి. ఒక కుర్రాడు బండి ఆపుతాడు, జేబులోంచి ఫోన్ తీసి స్క్రీన్ చూపిస్తాడు.

"అన్నా, ఈ మందు ఉందా?"

"చేలో ఏం పురుగు పడింది?"

"ఏమో అన్నా. ఆకు ముడుచుకుపోతా ఉంది. వీడియోలో ఇది కొట్టమన్నారు. పక్క చేను వాళ్ళు కూడా ఇదే కొట్టారంట."

ఆ కుర్రాణ్ణి చూసి నవ్వకండి. లెక్క చేతికి రాగానే ఫోటో తీసి ఏఐకి పంపేది మనమే. పది సార్లు వెళ్ళిన ఊరికి కూడా మ్యాప్ పెట్టుకునేది మనమే. అందుకే ఈరోజు ప్రశ్న ఇది: టెక్నాలజీ మీద ఆధారపడితే సొంతంగా ఆలోచించే శక్తి నిజంగా తగ్గిపోతుందా? లేకపోతే ఇది పెద్దవాళ్ళు ఎప్పుడూ అనే మాటేనా?

ముందు పెద్దవాళ్ళ మాట సంగతి చూద్దాం. దాదాపు 2,400 ఏళ్ళ కిందట గ్రీకు దేశంలో ప్లేటో ఒక పుస్తకం రాశాడు. అందులో సోక్రటీస్ చెప్పే కథలో ఒక రాజు అక్షరాల మీదే అనుమానం పడతాడు. రాసుకోవడం అలవాటైతే మనుషులు గుర్తుపెట్టుకోవడం మానేస్తారని ఆయన భయం. ఆ భయం పూర్తిగా తప్పు కాదు. మన తాతల్లాగా నోటి లెక్కలు మనలో ఎంతమందికి వచ్చు? కానీ రాత వల్ల మనిషి బుర్ర పాడైపోలేదు, చాలా పెరిగింది. కాబట్టి కొత్త వస్తువు రాగానే "ఇంక అంతా అయిపోయింది" అనడం కరెక్ట్ కాదు. ఏ పరిస్థితిలో నష్టం వస్తుందో చూడాలి.

అది తెలుసుకోవడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. పత్తి చేలోకి వెళ్తే చాలు.

వరంగల్ పత్తి చెప్పిన పాఠం

మన పల్నాడులో పత్తి, మిర్చి ఎలాగో, వరంగల్ వైపు కూడా పత్తి అలాగే. గ్లెన్ డేవిస్ స్టోన్ అనే అమెరికన్ పరిశోధకుడు వరంగల్ జిల్లా పల్లెల్లో కొన్నేళ్ళపాటు రైతులతో మాట్లాడాడు. వాళ్ళు విత్తనం ఎలా ఎంచుకుంటున్నారనేది ఆయన ప్రశ్న. 2007లో ఆ పరిశోధన అచ్చయింది.

ఆయన చూసింది ఏంటంటే, ఒక ఊళ్ళో ఒక ఏడాది అందరూ ఒకే బ్రాండ్ వెంట పడుతున్నారు. తర్వాత ఏడాది దాన్ని వదిలేసి ఇంకోదాని వెంట పడుతున్నారు. పక్క ఊళ్ళో మళ్ళీ వేరే బ్రాండ్. పోనీ నేలలో తేడా ఉందా అంటే, దానితో సంబంధమే లేదు. "ఈ విత్తనమే ఎందుకు వేశావు?" అని అడిగితే చాలామంది దగ్గర వచ్చిన జవాబు, "అందరూ వేస్తున్నారు కదా" అని.

తరతరాలుగా సేద్యం చేసినవాళ్ళు ఇలా ఎందుకు అయ్యారు? వాళ్ళకి తెలివి లేక కాదు. స్టోన్ మూడు కారణాలు చెప్పాడు. ఒకటి, చేతిలో ఉన్న విత్తనం ఏంటో గుర్తుపట్టే వీలు లేదు, ప్యాకెట్ మీద పేరు తప్ప. రెండు, ఫలితం ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. మూడు, మార్కెట్ చాలా స్పీడ్‌గా మారుతుంది. ఒక రకాన్ని రెండు మూడేళ్ళు వేసి, చూసి, నేర్చుకునేలోపే కొత్త పేరు వచ్చేస్తుంది. హైబ్రిడ్ విత్తనం దాచుకుని మళ్ళీ వేస్తే అదే పంట రాదు కాబట్టి ప్రతి ఏడాదీ కొనాల్సిందే.

దీన్ని ఆయన నైపుణ్యం కోల్పోవడం అన్నాడు. రైతు మామూలుగా రెండు రకాలుగా నేర్చుకుంటాడు. సొంత చేలో చూసి నేర్చుకోవడం ఒకటి, నలుగురినీ చూసి నేర్చుకోవడం ఇంకొకటి. రెండూ కావాలి. మొదటిది ఆగిపోతే రెండోది ఒట్టి కాపీగా మిగులుతుంది. అందరూ అందర్నీ చూసి చేస్తుంటారు. అసలు చేను చూసినవాడు ఒక్కడూ ఉండడు.

గమనించండి, ఇక్కడ ఇంకా స్మార్ట్‌ఫోన్ రాలేదు. అంతకుముందు 1980ల్లో మన గుంటూరు, ప్రకాశం పత్తి చేలలో తెల్లదోమ, ఆ తర్వాత పచ్చపురుగు విరుచుకుపడినప్పుడు కూడా ఫోన్ లేదు. మందు మీద మందు కొట్టారు. 1987-88లో పంట పోయి, అప్పులు తీరక పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పులు, రేట్లు, వాతావరణం, ఎన్నో కారణాలున్నాయి. వాటితోపాటు ఇదీ ఉంది: చేలో ఏం జరుగుతుందో రైతుకి చూపించి నేర్పేవాళ్ళు లేరు, డబ్బా అమ్మేవాళ్ళు మాత్రం ఉన్నారు.

మరి మన ఫోన్ సంగతి?

ఇప్పుడు ఆ మూడు కారణాలని మీ ఫోన్‌కి పెట్టి చూడండి. ఏఐ ఇచ్చే జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో మనకి కనపడదు. ఒకే ప్రశ్నకి ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా చెప్తుంది. పైగా యాప్ అర్థమయ్యేలోపు కొత్త యాప్ వస్తుంది. అంటే వరంగల్ రైతు ఇరుక్కున్న చోటే మనమూ ఉన్నాం.

దీని మీద చదువులో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. టర్కీ దేశంలో దాదాపు వెయ్యి మంది హైస్కూల్ పిల్లల్ని మూడు గుంపులు చేశారు. అందరిదీ లెక్కల ప్రాక్టీసే. మొదటి గుంపుకి పుస్తకం, నోట్స్ మాత్రమే. రెండో గుంపుకి మామూలు చాట్‌బాట్, అడిగితే జవాబు ఇచ్చేస్తుంది. మూడో గుంపుకి టీచర్లా పనిచేసే చాట్‌బాట్, జవాబు చెప్పదు, క్లూ ఇస్తుంది.

ప్రాక్టీస్‌లో పుస్తకం గుంపు కంటే రెండో గుంపు 48 శాతం ఎక్కువ సాధించింది. మూడో గుంపు 127 శాతం ఎక్కువ. అబ్బో అనిపిస్తుంది కదా. తర్వాత ఏఐ తీసేసి పరీక్ష పెట్టారు. జవాబులు తీసుకున్న రెండో గుంపు, అసలు ఏఐ వాడని పిల్లల కంటే 17 శాతం వెనకబడింది. క్లూలు తీసుకున్న గుంపుకి ఆ నష్టం దాదాపు రాలేదు. అన్నిటికంటే భయపెట్టే విషయం ఇంకోటి ఉంది. వెనకబడిన పిల్లలకి తాము వెనకబడ్డామన్న సంగతే తెలియలేదు.

చూశారా? రెండు గుంపులకీ మెషీన్ ఒకటే. తేడా ఎక్కడ వచ్చిందంటే, బుర్ర ముందు కష్టపడిందా లేదా అన్న దగ్గర. కాబట్టి నా జవాబు ఇది: టెక్నాలజీ వాడటం వల్ల ఆలోచన తగ్గదు. మనం చూడాల్సింది చూడకముందే జవాబు తీసుకోవడం వల్ల తగ్గుతుంది.

మిర్చి ఆకు దగ్గరకి మళ్ళీ వద్దాం

మొదట్లో కుర్రాడు "ఆకు ముడుచుకుపోతా ఉంది" అన్నాడు కదా. మిర్చిలో ముడత ఒకటే రకం కాదు. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే సాధారణంగా తామర పురుగు. కిందికి ముడుచుకుంటే నల్లి. వైరస్ వల్ల వచ్చే ముడత వేరే. నల్లి అసలు పురుగుల జాతే కాదు, పురుగుకి పనిచేసే మందు చాలాసార్లు దానికి పనిచేయదు. అంటే పైకా, కిందికా అన్న ఒక్క చూపు మీద డబ్బాల ఖర్చు ఆధారపడి ఉంది. ఆ చూపు వీడియోలో ఉండదు, చేలో ఉంటుంది.

2021లో కొత్త రకం తామర పురుగు మన మిర్చి మీద పడినప్పుడు ఏం జరిగిందో మీ ఇంట్లో అడగండి. అది పూతలో దూరి కూర్చుంటుంది, పూత రాలిపోతుంది. భయంతో దొరికిన మందల్లా కొట్టారు. అలా ఇష్టమొచ్చినట్టు కొడితే దాన్ని తినే మిత్ర పురుగులు కూడా చస్తాయని శాస్త్రవేత్తలు మొత్తుకున్నారు. నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి, ముందు పురుగుని గమనించండి అన్నారు.

ఇలా గమనించడం నేర్పే పద్ధతికి మన దగ్గర మంచి పేరుంది, పొలం బడి. ఇది 1989లో ఇండోనేషియా వరి పొలాల్లో మొదలైంది. అక్కడ విపరీతంగా మందులు కొట్టేసరికి మిత్ర పురుగులు పోయి దోమ ఇంకా పెరిగింది. 1986లో ఆ ప్రభుత్వం వరిలో 57 మందుల్ని నిషేధించింది. తర్వాత రైతుల్ని కూర్చోబెట్టి లెక్చర్ ఇవ్వలేదు, పొలంలోకి దింపారు. వారం వారం మొక్క చూడాలి, చెడ్డ పురుగులెన్ని, మంచి పురుగులెన్ని లెక్కపెట్టాలి, బొమ్మ గీయాలి, నలుగురిలో చర్చించాలి. మందు కొట్టాలా వద్దా అన్నది ఆఖర్న వాళ్ళే తేల్చుకోవాలి.

ఇది టెక్నాలజీ వద్దనడం కాదు. ముందు కన్ను, తర్వాత మాట, ఆ తర్వాత మందు. వరస అది.

రేపటి నుంచి ఏం చేద్దాం

ఫోన్ పారేయమని నేను చెప్పను. నేనూ పారేయలేను. వాన కబురు, గుంటూరు యార్డులో మిర్చి రేటు, ఇవన్నీ చేతిలోకి తెచ్చింది అదే. కాకపోతే మూడు అలవాట్లు చేసుకుందాం.

ఒకటి, ముందు మీ ఊహ. చేలో అయితే పూతని తెల్ల కాగితం మీద తట్టి, పడిన పురుగుల్ని లెక్కపెట్టండి. లెక్క అయితే తప్పైనా సరే, రెండు స్టెప్పులు మీరే వేయండి. అప్పుడు ఫోన్ తీయండి.

రెండు, జవాబు కాదు, క్లూ అడగండి. "నేను ఇక్కడిదాకా చేశాను, ఎక్కడ తప్పు పోయింది?" అని టైప్ చేయండి. టర్కీలో మూడో గుంపుకి దొరికింది ఇదే.

మూడు, ఫోన్ చెప్పింది ఇంకో మనిషితో సరిచూడండి. మీ ఊరి వ్యవసాయ సహాయకుడు, మీ లెక్కల సారు, మీ నాన్న. "యాప్ ఇట్టా అంటోంది, నాకు అట్టా కనపడింది, మీరేమంటారు?" అనండి. ఆ మాటలో "నాకు కనపడింది" అన్న ముక్క ఉండాలి. అది లేకపోతే మనం వట్టి కొరియర్ బాయ్‌లం, ఒకరి మాట ఇంకొకరికి మోసేవాళ్ళం.

ఈసారి ఆ కుర్రాడు షాపుకి వచ్చినప్పుడు ఫోన్‌తో పాటు రెండు ఆకులు కూడా తెచ్చాడనుకోండి. "అన్నా, ఇది కిందికి ముడుచుకుంది, వీడియోలో పైకి ఉంది. మరి ఈ మందు పనిచేస్తదా?" అన్నాడనుకోండి. ఫోన్ అదే, కుర్రాడూ వాడే. కానీ ఆ ప్రశ్న వాడి సొంతం.

మీరు ఈ వారం ఫోన్‌ని అడగకముందే సొంతంగా తేల్చుకున్న విషయం ఒకటి కామెంట్‌లో రాయండి. తప్పైనా పర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.